గృహనిర్వాహకుని లెక్క

ధనము మంచిదా, చెడ్డదా యని ఎవరైన ప్రశ్నించినచో జవాబు చెప్పుటకు మనము కొంత తటపటాయింతుము. చెడ్డది యందుమా, నెల మొదటి తేదీకై ఎదురు చూడని సంసారి యెవడు? మంచిది యందుమా, గట్టు తగవులతో మాటలు మానుకొనిన అన్నదమ్ములను, వీలునామా చదివిన నాటినుండి ఒకరి గడప ఒకరు త్రొక్కని అక్కచెల్లెండ్రను మనమందఱము ఎఱుగుదుము. క్రైస్తవ మతము ఈ ప్రశ్నను వేఱొక విధముగ అడుగును. ధనము మంచిదా చెడ్డదా యని గాక, ధనము ఎవరిది యని అది ప్రశ్నించును. ఈ ప్రశ్నకు ఆ మతము చెప్పు సమాధానమును, ఆ సమాధానమును నమ్మి జీవితమంతయు లెక్క వ్రాసికొనిన ఒక బోధకుని చరిత్రమును నేడు మీకు మనవి చేసెదను.

సువార్తలలో ధనవంతుడైన ఒక యువకుని కథ కలదు. ఆతడు పరుగున వచ్చి, క్రీస్తు యెదుట మోకరించి, నిత్యజీవము పొందు మార్గమేదియో చెప్పుమని వేడెను. ఆతడు దుర్మార్గుడు కాడు. ధర్మశాస్త్రమందలి ఆజ్ఞలను బాల్యమునుండియు పాటించినవాడు. క్రీస్తు ఆతనిని ప్రేమతో చూచెనని కూడ సువార్తికుడు వ్రాసినాడు. ఐనను కలిగినదంతయు అమ్మి బీదలకు పంచి తన వెంట రమ్మని చెప్పగనే ఆతని మొగము వాడెను. గొప్ప ఆస్తిపరుడు గనుక దుఃఖముతో వెడలిపోయెను. ఈ కథలో మనము గమనింపవలసినది ఒకటి కలదు. ఆ యువకుడు దేవుని ప్రేమింపకపోలేదు. ప్రేమించెను గనుకనే పరుగెత్తి వచ్చెను. కాని దేవుని కంటె ముందు ఆతని హృదయమున మఱియొకటి కూర్చుండి యుండెను. అది అచట నున్నదని ఆ క్షణము వఱకు ఆతనికే తెలియదు.

ఈ కథ విని ఆస్తి నంతటిని పంచిపెట్టి వెడలినవారు లేకపోలేదు. మూడవ శతాబ్దమున ఈజిప్టు దేశమందు ఆంటొని యను యువకుడు దేవాలయములో ఈ భాగము చదువుచుండగా విని, తన భూములను విడిచి ఎడారికి పోయెను. పదుమూడవ శతాబ్దపు తొలినాళ్లలో ఇటలీ దేశమున అస్సీసీ పురవాసి ఫ్రాన్సిస్, బట్టల వర్తకుని కుమారుడు, తండ్రి యిచ్చిన వస్త్రములను సైతము విడిచి దారిద్ర్యమునే వరించెను. ఇది సన్న్యాసుల మార్గము. దానికి మనము చేతులు జోడింపవచ్చును. కాని భార్యాబిడ్డలు గలవాడు, వృద్ధులైన తలిదండ్రులు గలవాడు, పదిమందికి జీతములిచ్చి పని చేయించువాడు ఏమి చేయవలెను? అట్టివానికై క్రీస్తు మఱియొక ఉపమానమును చెప్పినాడు. అదియే గృహనిర్వాహకుని ఉపమానము.

గృహనిర్వాహకుడనగా యజమానుడు కాడు. తెలుగు బైబిలు ఈ పదమును ఎంతయో అర్థవంతముగ వాడినది. యజమానుడు దూరదేశమునకు పోవుచు ఇంటి తాళపుచెవులను, ధాన్యపు కొట్టును, పనివారి భారమును ఒకనికి అప్పగించును. వాడు ఆ కొట్టులోని గింజలతోనే తానును భుజించును. అందు తప్పు లేదు. కాని యజమానుడు తిరిగి వచ్చునాడు లెక్క చెప్పవలెను. పనివారికి వేళకు అన్నము పెట్టితివా, నేనిచ్చిన దానిని ఏమి చేసితివి యని యజమానుడు అడుగును. మన దేవాలయముల ధర్మకర్త యను మాట తెలుగువారికి చక్కగ తెలియును. దేవుని మాన్యములు ధర్మకర్త చేతిలో నుండును. కౌలు వసూలు చేయును, మరమ్మతులు చేయించును, నైవేద్యము జరిపించును. కాని ఆ పొలములో ఒక్క సెంటైనను తనదనుకొన్న నాడు వాడు ధర్మకర్త కాడు, దొంగ. గాంధీ మహాత్ముడు ధనికులకు బోధించిన ధర్మకర్తృత్వ సిద్ధాంతము కూడ ఇట్టిదే. గీతలోని అపరిగ్రహము అను మాటకు ధర్మకర్త యను భావన వలన తనకు అర్థము స్ఫురించినదని ఆయన తన ఆత్మకథలో వ్రాసికొనినాడు.

ఈ భావమును వేదాంతముగ గాక, దినవెచ్చపు పుస్తకముగ మార్చిన వ్యక్తి జాన్ వెస్లీ. ఆయన 1703 వ సంవత్సరమున ఇంగ్లాండు దేశమందలి ఎప్‌వర్త్ అను గ్రామమున జన్మించెను. తండ్రి శామ్యూల్ ఆ గ్రామ దేవాలయపు గురువు. పండితుడే గాని ఇల్లు గడుపుట యెఱుగడు. సంతానము పెద్దది, అప్పులు అంతకంటె పెద్దవి. జాన్ రెండేండ్ల బిడ్డగా నున్నపుడు, 1705 లో, అప్పు తీర్చలేక తండ్రి లింకన్ కోటలోని చెఱసాలలో నుండవలసి వచ్చెను. 1709 లో ఇల్లు తగులబడెను. ఐదేండ్ల జాన్‌ను ఇరుగుపొరుగువారు కిటికీ గుండ బయటకు లాగి కాపాడిరి. కనుక ధనమును గూర్చి వెస్లీ చెప్పిన మాటలు పేదరికమెఱుగని వాని మాటలు కావు. అప్పులవాడు తలుపు తట్టు శబ్దము ఆ యింట పరిచితమే.

1726 లో వెస్లీ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున లింకన్ కళాశాలకు ఫెలో యయ్యెను. జీవితమున మొదటిసారి చేతినిండ డబ్బు ఆడసాగెను. ఆ దినములలో జరిగిన ఒక సంఘటనను ఆయన వృద్ధాప్యమున, వస్త్రాలంకరణమును గూర్చిన ఉపన్యాసములో, తానే చెప్పెను. మంచి చలికాలము. ఆయనయు మిత్రులును చదువు చెప్పించుచున్న ఒక పేదపిల్ల ఆయనను చూడవచ్చెను. ఒంటిపై పలుచని నారబట్ట తప్ప వేఱొకటి లేదు. చలికి వడకుచున్నది. కప్పుకొనుటకు ఇంకేమియు లేదా యని యడుగగా ఇదియే నాకున్నదని చెప్పెను. వెస్లీ జేబులో చేయి పెట్టి చూచెను. అందు దాదాపు ఏమియు మిగులలేదు. అంతకు ముందే ఆయన తన గదిగోడలను అలంకరించుకొనుటకై సొమ్ము వెచ్చించియుండెను. గోడపైనున్న పటములు తన వంక చూచి సాక్ష్యము చెప్పుచున్నట్లు ఆయనకు తోచెను. ఈ పిల్ల చలిని పోగొట్టవలసిన ధనమును గోడకు తగిలించితిని గదా యని ఆయన మనసు కలతనొందెను.

అప్పుడు ఆక్స్‌ఫర్డులోని ఆ మిత్రబృందములో ఒకరు ఒక నియమము పెట్టుకొనిరని వెస్లీ చెప్పియున్నాడు. పేరు చెప్పలేదు గాని ఆ యొకరు వెస్లీయే యని చరిత్రకారులు తలంతురు. మొదటి సంవత్సరము రాబడి 30 పౌనులు. అందులో 28 పౌనులతో జీవించి 2 పౌనులు బీదలకిచ్చెను. రెండవ సంవత్సరము రాబడి 60 పౌనులాయెను. 28 పౌనులతోనే జీవించి 32 ఇచ్చెను. మూడవ యేట 90 రాగా 62, నాలుగవ యేట 120 రాగా 92 ఇచ్చెను. శ్రోతలు ఈ అంకెలను ఒకసారి తలపోయవలెను. మనకు సాధారణముగ రాబడి పెరిగినపుడు పెరుగునది ఖర్చు. ఇచట ఖర్చు నిలిచినచోటనే నిలిచినది, పెరిగినది దానము. జీతము పెరిగిననాడు ఆ పెరిగిన భాగము ఎవరికొఱకు వచ్చినదని ఆయన ప్రశ్నించుకొనెను. అది నాకొఱకే వచ్చినదని అనుకొనుట సహజము. గృహనిర్వాహకుడు మాత్రము అట్లనుకొనడు. యజమానుడు కొట్టులోనికి మఱికొన్ని బస్తాలు పంపినచో, భుజింపవలసినవారు ఎక్కువైరని వాడు గ్రహించును.

1760 లో ప్రకటించిన ధనవినియోగమను ఉపన్యాసములో వెస్లీ తన అనుభవమునంతయు మూడు సూత్రములుగ సమకూర్చెను. శక్తికొలది ఆర్జింపుము, శక్తికొలది పొదుపు చేయుము, శక్తికొలది దానము చేయుము అనునదే ఆ మూడింటి సారము. మొదటి రెండు సూత్రములు విని ఏ వర్తకుడైనను సంతోషించును. కాని వెస్లీ ఒక్కొక్కదానికి కట్టిన గట్లు చూడవలెను.

ఆర్జన మంచిదే. సోమరితనమును ఆయన క్షమింపలేదు. కాని ప్రాణమును, ఆరోగ్యమును వెలగా పెట్టి ఆర్జింపరాదు. సీసము, పాషాణము వంటి విషద్రవ్యముల నడుమ మనుజులు క్షీణించు వృత్తులను ఆయన పేర్కొనెను. అబద్ధమాడక సాగని వ్యాపారము చేయరాదు, ఏలయన అందు ఆత్మ నష్టమగును. పొరుగువానిని నష్టపఱచి ఆర్జింపరాదు. అధికవడ్డీకి కుదువ పెట్టించుకొనుట, ఎదుటి అంగడిని ముంచుటకై వెల తగ్గించి అమ్ముట, ఇతరుల పనివారిని ఆశ చూపి లాగుకొనుట, మత్తుపానీయములు విక్రయించుట, ధనమునకై రోగమును పొడిగించు వైద్యము, ఇవియన్నియు ఆయన దృష్టిలో దోపిడియే. ఆర్జించిన పిదప దానము చేసి ఈ పాపమును కడుగుకొనవచ్చునను ఊహకు ఆయన తావీయలేదు. కన్నపు సొమ్ముతో కట్టిన సత్రము వంటిది ఆ దానము.

రెండవది పొదుపు. నాలుక కోరునది, కన్ను కోరునది, నలుగురు మెచ్చుటకు మనసు కోరునది, ఈ మూడింటికి అడ్డుకట్ట వేయుటయే ఆయన చెప్పిన పొదుపు. కాని పొదుపు చేసినది దాచుటకు గాదు. భూమిలో పాతిపెట్టినను, బ్యాంకులో పాతిపెట్టినను వాడుకకు రాని ధనము ఒకటియే యని ఆయన యనెను. తలాంతుల ఉపమానములో ఒక్క తలాంతును త్రవ్వి పాతిన సేవకుడు దొంగిలింపలేదు, దుబారా చేయలేదు. ఐనను యజమానునిచే తిరస్కృతుడాయెను. కనుక మూడవ సూత్రము లేనిచో మొదటి రెండును వ్యర్థములు.

మూడవది దానము. దీనికి ఒక వరుస కలదు. మొదట నీకు అవసరమైన కూడు గుడ్డ, ఆరోగ్యమును నిలుపుకొనుటకు కావలసినది. పిదప భార్యాబిడ్డలు, సేవకులు, ఇంటివారు. మిగిలినచో విశ్వాసులైన సోదరులు. ఇంకను మిగిలినచో సర్వజనులు. సందేహము కలిగినపుడు వేసికొనుటకు నాలుగు ప్రశ్నలు కూడ ఆయన నేర్పెను. ఈ ఖర్చులో నేను యజమానునివలె నడచుచున్నానా, నిర్వాహకునివలె నడచుచున్నానా? ఇది దైవవాక్యమునకు విధేయమేనా? దీనిని క్రీస్తు ద్వారా దేవునికి నైవేద్యముగ అర్పింపగలనా? పునరుత్థాన దినమున దీనికి బహుమానము లభించునని నమ్మగలనా? చీర కొనునపుడును, పెండ్లి పందిరి వేయునపుడును ఈ నాలుగు ప్రశ్నలు వేసికొనిన ఇల్లు ఎట్లుండునో శ్రోతలు ఊహింపవచ్చును.

వెస్లీ బోధ వినవచ్చినవారిలో పెక్కుమంది గనిపనివారు, నేతపనివారు, కూలీలు. దానము ధనికుల పని గదా, వీరేమి ఈయగలరు? 1742 లో బ్రిస్టల్ నగరమున ప్రార్థనామందిరము అప్పు తీర్చు విషయము చర్చకు వచ్చెను. ఒక్కొక్కరు వారమునకు ఒక పెన్నీ ఇచ్చినచో తీరిపోవునని ఒకరు సూచించిరి. అంత ఈయలేని పేదలు చాలమంది కలరని మఱియొకరు పలికిరి. అప్పుడా సూచించిన వ్యక్తియే, మిక్కిలి బీదవారిని పదునొకండుగురను నాకప్పగింపుడు, వారమువారము వారియింటికి పోయెదను, ఈయగలిగినది తీసికొందును, ఈయలేనివారి వంతు నేనిత్తునని మాట యిచ్చెను. ఇట్లు పెన్నీ కొఱకు ఇల్లిల్లు తిరుగుటలో పేదల కష్టసుఖములు తెలియవచ్చెను. మెథడిస్టు సంఘములకు వెన్నెముకయైన చిన్న సమావేశముల యేర్పాటు ఈ పెన్నీ లెక్కనుండియే పుట్టినది.

1746 లో లండనులో వెస్లీ ఊరంతయు తిరిగి 50 పౌనులు ప్రోగుచేసి ఒక ఋణనిధిని స్థాపించెను. నిధిని చూచుటకు నియమింపబడిన ఇద్దఱు నిర్వాహకులు ప్రతి మంగళవారము ఉదయమున కూర్చుండి, 20 షిల్లింగులకు మించకుండ, మూడు నెలలలో తీర్చు షరతుపై బీదలకు అప్పు ఇచ్చుచుండిరి. ఆ చిన్న మొత్తముతోనే ఒక సంవత్సరములో 250 మందికి సాయము జరిగినదని లెక్కలు తేల్చినవి. ఇచ్చిన రూకయే తిరిగివచ్చి మఱల మఱల పోయినది. ఆ సంవత్సరముననే పేదలకు ఉచితముగ మందులిచ్చు వైద్యశాలను కూడ ఆయన ప్రారంభించెను. భక్తి యనగా కనులు మూసికొనుట మాత్రమే యని తలంచువారు ఈ మంగళవారపు లెక్క పుస్తకమును జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఆయన వ్రాసిన చౌక పుస్తకములు విరివిగ అమ్ముడుపోయి, కోరకుండగనే ఆయన చేతికి ధనము వచ్చి పడెను. 1743 లోనే ఆయన ఒక ప్రతిజ్ఞ ప్రకటించి యుండెను. అప్పులు తీర్చిన పిదప తాను 10 పౌనులకు మించి మిగిల్చి చనిపోయినచో, తన్ను దొంగయని లోకము చెప్పవచ్చునని. 1776 లో వెండిపాత్రల పన్నువసూలు అధికారులు, ఇంత పేరుగలవానికి వెండి లేకుండునాయని, లెక్క చెప్పుమని వ్రాసిరి. లండనులో రెండు, బ్రిస్టల్‌లో రెండు వెండి చెంచాలు మాత్రము తనకున్నవనియు, చుట్టును ఇందఱు అన్నము లేక యుండగా ఇంతకు మించి కొననొల్లననియు ఆయన సమాధానమిచ్చెను.

1785 జనవరి మాసము. వెస్లీ వయస్సు 81 సంవత్సరములు. ప్రతి శీతకాలమున సంఘమువారు బీదలకు బొగ్గులు, రొట్టెలు పంచుచుందురు. ఆ యేడు వారికి బట్టలు కూడ కావలెనని ఆయనకు తోచెను. అయిదు దినములు లండను వీథులలో ఆ వృద్ధుడు కాలినడకన ఇంటింటికి పోయి యాచించి 200 పౌనులు తెచ్చెను. వీథులలో మంచు కరగి చీలమండలోతు నిలిచియుండెను. ఉదయమునుండి సాయంత్రము వఱకు పాదములు ఆ మంచునీటిలోనే నానెను. పిదప ఆయన జబ్బుపడెను. తనదంతయు ఇచ్చివేసినవాడు, ఇక ఇచ్చుటకు లేక, ఇతరుల వాకిట చేయి చాచినాడు. ఇచ్చుట కంటె అడుగుట కష్టమని మనమెఱుగుదుము.

1790 జూలై 16 వ తేదీన ఆయన తన లెక్క పుస్తకములో కడపటి పద్దు వ్రాసెను. చేయి వణకుచున్నది, అక్షరములు కుదురుట లేదు. ఇన్నాళ్లు లెక్క సరిగా వ్రాసితిననియు, ఇక వ్రాయబోననియు, మిగుల్చగలిగినది మిగిల్చి కలిగినదంతయు ఇచ్చుచుంటినను తృప్తి తనకు చాలుననియు అందలి భావము. 1791 మార్చి 2 న ఆయన మరణించెను. ముద్రణాలయపు పుస్తకముల నిల్వ సంఘకార్యమునకై ధర్మకర్తల వశమాయెను. జేబులలోను, బల్లసొరుగులోను దొరకు నాణెములను నలుగురు బోధకులకు పంచవలెనని వీలునామాలో నుండెను. తన దేహమును సమాధికి మోయుటకు ఆర్గురు బీదవారిని పిలిచి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పౌను ఈయవలెనని కూడ వ్రాసియుండెను. కడపటి ఊరేగింపు కూడ ఆర్గురు పేదలకు ఒకనాటి కూలి కావలెనని ఆయన కోరిక.

శ్రోతలారా, కథ ఇచటనే ముగిసినచో ఇది ఒక మహానుభావుని చరిత్రమై, మనము తల యూచి లేచిపోవచ్చును. కాని ఆయన కడపటి యేండ్లలో ఒక గొప్ప దుఃఖము ఆయనను వదలలేదు. తన బోధ విన్న పేదలు త్రాగుడు మానిరి, ఒడలు వంచి పని చేసిరి, దుబారా విడిచిరి. తత్ఫలితముగ ధనవంతులైరి. ధనవంతులైన పిదప మూడవ సూత్రమును మఱచిరి. 1786 లో ఆయన ఈ చిక్కును గూర్చి వ్రాసెను. నిజమైన భక్తి వలన కష్టించు గుణమును పొదుపును పుట్టును. ఆ రెండింటి వలన ధనము పుట్టును. ధనము పెరుగగనే గర్వము, లోకాశ పెరిగి, తల్లియైన భక్తినే మ్రింగివేయును. అట్లైనచో భక్తి ఏనాటికైనను నిలుచుట ఎట్లు? భక్తి పేదరికముననే బ్రతుకవలెనా? కష్టింపవద్దని, పొదుపు చేయవద్దని బోధింపలేము గదా! ఆయనకు దొరకిన మార్గము ఒక్కటియే. మొదటి రెండు సూత్రములను పాటించువారు మూడవదానిని కూడ అంతే తీవ్రముగ పాటింపవలెను. 1789 లో, 86 వ యేట, తన సంఘములలో మూడు సూత్రములను పాటించువారు బహు కొలదిమందియే యని ఆయన నిర్మొగమాటముగ ప్రకటించెను.

ఇది ఒక దేశపు, ఒక సంఘపు కథ మాత్రము కాదు. మన కుటుంబములలోనే చూడవచ్చును. తాత కూలి చేసి, అందులోనే పొరుగువానికి గంజి పోసినాడు. తండ్రి చదివి ఉద్యోగి యైనాడు, పండుగకు పదిమందికి పెట్టినాడు. మనుమడు మేడ కట్టినాడు, గేటుకు గడియ వేసినాడు. ముగ్గురిలో చెడ్డవాడెవడు? ఎవడును గాడు. ప్రతివాడు తన అవసరము తీరిన పిదప ఇత్తుననే తలంచినాడు. కాని అవసరము ధనముకంటె వేగముగ పరుగెత్తినది.

ఈ సందర్భమున సంసారులు ఒక ఆక్షేపణ చేయుదురు. వెస్లీకి బిడ్డలు లేరు, 28 పౌనులతో బ్రహ్మచారి బ్రతుకవచ్చును, ఆడపిల్ల పెండ్లి, మగపిల్లవాని చదువు, ముసలితనపు మందులు ఎవరు చూచెదరు? ఈ ఆక్షేపణ న్యాయమైనదే. తన యింటివారిని పోషింపనివాడు విశ్వాసమును విడిచినవాడని అపొస్తలుడైన పౌలు వ్రాసినదే గనుక వెస్లీ కూడ ఇంటివారిని దానమునకు ముందుంచెను. పిల్లలకు ఆస్తి విడుచుటను గూర్చియు ఆయన చెప్పెను. ధనమును సరిగా వినియోగించు బిడ్డ యున్నచో వానికి ఎక్కువ భాగము విడువవచ్చును. అట్టి బిడ్డ లేనిచో లేమి యెఱుగకుండ ఒక్కొక్కరికి కొంత యిచ్చి, మిగిలినది దైవకార్యమునకు వినియోగింపవలెను. కాబట్టి ప్రశ్న పిల్లలకు పెట్టవలెనా వలదా యని కాదు. ఎంతవఱకు పెట్టుట ప్రేమ, ఎచటనుండి భయము ప్రేమ వేషము వేసికొని నిల్వ చేయుచున్నది యనునదే. ఈ సరిహద్దును ఒకరికి మఱియొకరు గీయలేరు. దీపము పెట్టిన వేళ, దేవుని సన్నిధిని, ఎవరి పద్దు వారే చూచుకొనవలెను.

వెస్లీ నాటిన విత్తనము తెలుగుదేశమునకు కూడ వచ్చినది. ఆయన సంప్రదాయమునకు చెందిన మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ మెదకులో పని చేసెను. 1914 లో ప్రారంభమై 1924 డిసెంబరు 25 న ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయము ఆయన కట్టించినదే. కరవున చిక్కిన జనులకు పనియు అన్నమును కల్పించుటకై ఆ నిర్మాణము సాగినదని ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. దేవునికై యెత్తిన గోపురము పేదవాని కంచములో మెతుకై దిగినది.

ఇక దోర్నకల్లు. 1912 లో ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు తమిళులయ్యును, 1945 లో మరణించువఱకు తెలుగు పల్లెలనే తమ సేవాక్షేత్రముగ నెంచుకొనిరి. ఆయన సంఘస్థులలో పెక్కుమంది సెంటు భూమి లేని కూలీలు. ఐనను దానము ధనికుల హక్కు కాదని, పేదవానికి కూడ ఇచ్చు గౌరవము ఉండవలెనని ఆయన నమ్మి, క్రైస్తవ దానమును గూర్చి ప్రత్యేకముగ ఒక గ్రంథమే వ్రాసిరి. తెలుగు క్రైస్తవ గృహములలో ఇల్లాండ్రు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక గుప్పెడు తీసి వేఱొక కుండలో నుంచి, ఆదివారము దేవాలయమునకు తెచ్చు ఆచారము కలదు. కోతల పండుగనాడు తొలి వెన్నులు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు దేవాలయపు మెట్లపైకి చేరును. ఆ గుప్పెడు బియ్యములో ఉన్న సూక్ష్మమును చూడుడు. భోజనమైన పిదప మిగిలినది గాదు, వండుటకు ముందే తీసినది. దేవుని వంతు తొలి గుప్పెడు, కడపటి మెతుకు గాదు. వేయి మాటలలో చెప్పవలసిన వేదాంతమును ఆ యిల్లాలు చేటలో చూపినది.

దేవాలయపు కానుకల పెట్టెలో ధనికులు వేయుచున్న నాణెములను గాక, ఒక పేద విధవరాలు వేసిన రెండు కాసులను క్రీస్తు మెచ్చుకొనినాడు. వారు మిగులులోనుండి వేసిరి, ఆమె తన జీవనములోనుండి వేసినది. దీనినిబట్టి దానము కొలుచుటకు క్రైస్తవుని కొలబద్ద వేఱని తెలియుచున్నది. ఎంత యిచ్చితివి యని గాక, ఇచ్చిన పిదప నీకేమి మిగిలినది యని అది కొలుచును. అయితే ఆ విధవరాలు చింతించుచు వేయలేదు. ప్రేమించినవానికి ఇచ్చునపుడు ఎవరును లెక్క చూచుకొనరు. తల్లి తన పాలు బిడ్డకు కొలిచి పోయదు గదా! దేవుని పూర్ణహృదయముతో ప్రేమింపుమనుట మొదటి ఆజ్ఞ. దానము ఆ ప్రేమకు ఛాయ. ప్రేమ లేని దానము పన్ను చెల్లింపు వంటిది. అందు రసీదు దొరకును గాని ఆనందము దొరకదు.

ఆస్తిని మనము ప్రేమించుచున్నామో, ఆస్తిచే దేవుని ప్రేమించుచున్నామో తెలిసికొనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. వచ్చే నెల లెక్క వ్రాయునపుడు మొదటి పంక్తిలో ఏమి వ్రాయుదుమో చూచుకొందము. అద్దె, పాలు, బియ్యము, బడి జీతములు వ్రాసి, మిగిలినచో చివర దానము వ్రాయు ఇండ్లు ఎక్కువ. ఆ చివరి పంక్తికి చేరుసరికి కాగితమైనను నిండును, పైకమైనను నిండుకొనును. మొదటి పంక్తిలో, చిన్న మొత్తమే కానిండు, పొరుగువాని వంతు వ్రాసినచో, క్రింది పంక్తులన్నియు తమంత తామే సర్దుకొనును. పదవ వంతు ఈయవలెనని కొందఱు, ఇంతయని నియమము లేదని కొందఱు వాదింతురు. ఆ వాదము ఎట్లున్నను, ఎదురింటి వితంతువుకు ఒక మానెడు బియ్యము, పనిమనిషి బిడ్డకు ఒక పలక, జబ్బుపడిన కూలివానికి ఒక వారపు మందు, ఇవి ఏ వాదమునకును ఆగవలసినవి కావు. ఇచ్చువాడు దాతనని గాక, అప్పగించిన సొమ్మును చేరవలసినచోట చేర్చితినని తలంచినచో, పుచ్చుకొనువాడు తల వంచుకొనవలసిన పని యుండదు.

ఒకనాడు అందఱము తాళపుచెవులు తిరిగి అప్పగింపవలసినవారమే. ఇల్లు ఎంత పెద్దదని ఆనాడు యజమానుడు అడుగడు. అది ఆయనకు తెలిసినదే, ఇచ్చినది ఆయనయే గనుక. ఆ యింట ఎవరెవరు అన్నము తినిరని మాత్రము అడుగును. ఆ ప్రశ్నకు జవాబును ఈ సాయంత్రమునుండియే పుస్తకములో వ్రాసికొనుట మంచిది.